నేరము నెత్తుటిలో నున్నదా?

(వార్షిక మహాసభ రెండవనాటి అపరాహ్ణ సమావేశమున చేసిన ఉపన్యాసము)



ముప్పదినాలుగేండ్లు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొనిన నావంటి వానిని ఈ వేదికపై నిలుపునపుడు, కావ్యమును గూర్చియో ధర్మశాస్త్రమును గూర్చియో మాటాడుమని కోరుట మన సభలలో వాడుక. ఈ యేడు కార్యదర్శిగారు విషయమును నాకే విడిచిపెట్టిరి. నేను నేరమును గూర్చి మాటాడ దలచితిని. శుభమా యని సభకు వచ్చిన వేళ ఈ మాట యేమని కొందఱు నొసలు చిట్లింతురేమో! కారణము మనవి చేసెదను.

గత సంవత్సరము కార్యవర్గ సమావేశమున మన విద్యార్థి వేతనముల దరఖాస్తు పత్రమును దిద్దుచుండగా మాన్యు లొకరు అందొక క్రొత్త గడిని చేర్పించిరి. అది ఏడవ గడి. తండ్రిగాని, తాతగాని, తోడబుట్టినవారుగాని నేరమునకు శిక్షింపబడిరా యని అందు ప్రశ్న. అవునని వ్రాసిన విద్యార్థి దరఖాస్తును ప్రక్కన బెట్టవలెనని వారి యుద్దేశము. వారు కఠినులు కారు. వారి ధనముతో చదువుకొని యుద్యోగములలో నున్నవారు ఈ మండపముననే పలువు రున్నారు. దాతల సొమ్ము యోగ్యులకు జేరవలెనన్నదే వారి తపన. అయితే ఆనాడు వారు చెప్పిన కారణము నన్ను ఏడాది పొడుగునను వెన్నాడినది. “మాష్టారూ! విత్తును బట్టి మొక్క. అది నెత్తుటిలో నుండును” అని వారనిరి. నాకు అప్పుడు ప్రత్యుత్తరము తోచలేదు. ఇంటికి బోయి చదువ నారంభించితిని. ఆ చదివినదే ఈ యుపన్యాసము.

నేరము నెత్తుటిలో నున్నదన్న మాటకు శాస్త్రమను వేషము తొడిగినవారిలో ప్రసిద్ధుడు ఇటలీ దేశపు ట్యూరిన్ నగరమున వైద్యుడుగ నుండిన చెసారె లోంబ్రోసో. విల్లెల్లా యను నొక దొంగ చనిపోగా వాని పుఱ్ఱెను ఆయన పరీక్షించెను. దాని వెనుకభాగమున, లోపలివైపున, క్రింది జాతి జంతువులలో కానవచ్చునట్టి గుంట యొకటి యగపడినది. అంతట ఆయనకు జ్ఞానోదయమైనట్లు తోచెను. నేరస్థుడు మనుష్యజాతి యొక్క పూర్వదశకు జాఱిన జీవియనియు, పెద్ద దవుడలు, పొడవైన చేతులు, వికారమైన చెవులు వానిని పట్టియిచ్చుననియు 1876లో ఒక గ్రంథము ప్రకటించెను. యూరపుఖండమంతయు దానిని చదివినది. పిదప ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అను చెఱసాల వైద్యుడు సుమారు 3,000 మంది ఖైదీలను కొలిపించి, వారిని విశ్వవిద్యాలయ విద్యార్థులతోను సైనికులతోను పోల్చి, అట్టి ప్రత్యేకమైన నేరస్థజాతి యేదియు లేదని 1913లో తేల్చెను. చిత్రమేమన, ఆ గోరింగే ఖైదీలు పొట్టివారు, మందబుద్ధులు, అది వారికి వంశానుగతము అని నమ్మినవాడు. ఒక దురభిప్రాయమును పడగొట్టినవాడు ఇంకొకదానిని చంక నిడుకొని పోయెనన్నమాట.

ట్యూరిన్ మనకు దూరము. అయితే లోంబ్రోసో గ్రంథము వెలువడుటకు ఐదేండ్ల ముందే, 1871లో, మన దేశమున ఆంగ్ల ప్రభుత్వము అదే యూహను చట్టముగ జేసినది. దానికి నేరస్థ జాతుల చట్టమని పేరు. మొదట ఉత్తరదేశమున అమలై, 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వచ్చినది. ఒక కులమును ప్రభుత్వము ప్రకటించిన చాలును. ఆ కులమున పుట్టినవాడు పోలీసు పట్టికలో పేరు వ్రాయించుకొనవలెను, వ్రేలిముద్ర లీయవలెను, ఊరు దాటవలసిన అనుమతి చీటి పుచ్చుకొనవలెను, వేళకు హాజరు చెప్పుకొనవలెను. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేఱు చేయుటకు సైతము చట్టమున దారి కల్పింపబడినది. వాడు దొంగిలించెనా లేదా యన్న ప్రశ్నయే పుట్టదు. పుట్టుకయే నేరము.

పెద్దలారా! ఈ చట్టమును సమర్థించిన అధికారులు చూపిన హేతువును మనము, కులము పేరిట సమావేశమైన మనము, శ్రద్ధగా వినవలెను. ఈ దేశమున సాలెవాని కొడుకు సాలెవాడు, వడ్రంగి కొడుకు వడ్రంగి. కావున దొంగ కొడుకు దొంగ యగుట సహజము. తరతరములుగ నేరమే వృత్తిగాగల కులములు ఉండియే తీరవలెను అని వారి వాదము. అనగా మన యేర్పాటునే మనమీదికి సాక్ష్యముగ దెచ్చిరి. మనలో ఎందఱు అప్పుడు కాదనిరి? మనకు కాదుగదా యని ఊరకున్న కులములే యెక్కువ.

ఆ చట్టము క్రింద పడినవారిలో మన తెలుగుదేశపు ఎఱుకలవారు ముఖ్యులు. వారి పూర్వకథను కొంచెము విస్తరించి చెప్పెదను. ఏలనన, నేరమునకు మూలము నెత్తురో మఱియొకటియో తెలిసికొనుటకు దీనికన్న దగ్గరి తార్కాణము మనకు లేదు. వీరు సముద్రతీరమున ఉప్పు కొని గాడిదలమీదను ఎడ్లమీదను మెట్టదేశములకు మోసికొనిపోయి, అచ్చట ధాన్యము మొదలైనవి మాఱు పుచ్చుకొని తిరిగివచ్చు వర్తకులు. బండిదారి లేని పల్లెలకు ఉప్పు చేరుట వారి చలవయే. వీరి శాఖల పేళ్లు సైతము వారు చేసిన పనులను బట్టి వచ్చినవి: ఉప్పు అమ్మినవారు ఉప్పువారు, కరివేపాకు అమ్మినవారు కరివేపాకువారు, వెదురు దబ్బలతో బుట్టలు అల్లినవారు దబ్బవారు. వీనిలో నేరము పేరెక్కడను లేదని గమనింపుడు.

ఇక వారి కేమి జరిగినది? ఉప్పు ప్రభుత్వము గుత్తాధికారములోనికి బోయి దానిపై పన్ను పెరిగినది. రైలుమార్గములు పడినవి, పది గాడిదల బిడారు నెల దినములలో చేర్చు సరకును రైలుబండి యొక్క పూటలో దింపసాగినది. 1876–78 నాటి ధాతకఱవు మనుష్యులను పశువులను ఏకముగ తుడిచిపెట్టినది. 1882లో మద్రాసు అడవుల చట్టము వచ్చి, వెదురు కొట్టుట, పసుల మేపుట కట్టడిలో పడినవి. వర్తకము పోయినది, బుట్టల పని పోయినది, సంచారము మాత్రము మిగిలినది. సంచారిని చూచిన గ్రామాధికారికి అనుమానము. వారిలో కొందఱు దొంగిలించిరా? దొంగిలించిరి. ఆకలిగొన్నవారిలో కొందఱు ఏ కులముననైనను దొంగిలింతురు. ఆ కొందఱి పని మొత్తము కులమునకు జన్మలక్షణమై చట్టపుస్తకమున కెక్కినది.

1913 ప్రాంతమున బాపట్ల చేరువ సాల్వేషన్ ఆర్మీ వారి యాజమాన్యమున ఎఱుకలవారికొక సెటిల్‌మెంటు ఏర్పడినది. మద్రాసు గవర్నరు కార్యాలోచన సభలో నుండిన హెరాల్డ్ స్టువర్టు దొరగారి పేర అది స్టువర్టుపురమైనది. ఆ సంస్థకు ఇండియాలో నాయకుడగు బూత్ టక్కర్ దొర నేరమును రోగముగ నెంచి, దానిని కుదుర్చు విద్యకు ‘క్రిమినోక్యూరాలజీ’ యని పేరు కూడ పెట్టెను! మందు ఏమన, ప్రార్థన, హాజరు, కూలిపని. అచ్చటి స్త్రీపురుషులు చీరాల పొగాకు కర్మాగారమునకు కూలీలై పోయిరి. మద్రాసు రాష్ట్రమున ఆ చట్టము 1947లో రద్దయినది. దేశమంతటను 1952 ఆగస్టు 31న పోయినది. ఎఱుకలవారు నేడు షెడ్యూల్డు తెగలలో నున్నారు. చట్టము పోయినను ఊరి పేరు పోలేదు. 1991లో ఆ యూరి పేరు తగిలించి ఒకటికి రెండు చలనచిత్రములు వచ్చినవి. గుఱ్ఱము జాషువ మహాకవి కుమార్తె హేమలతా లవణంగారును ఆమె భర్త లవణంగారును 1970ల నుండి అచ్చట పనిచేసి, నేరము మానిన కుటుంబములకు బాసటగా నిలిచి, ‘సంస్కార్’ అను సంస్థను నడపిరి. ఉపాధి, చదువు, పదుగురిలో మన్నన వారి సాధనములు. నెత్తురు మార్చిన దాఖలా యేదియు లేదు.

ఇంతవఱకు విని, ఈ పంతులు ఒకవైపే చెప్పుచున్నాడని మీరనవచ్చును. కాదు. దేహమునకు సంబంధమే లేదనుట సత్యము కాదు. దానిని దాచిన నేను న్యాయవాదినగుదునుగాని ఉపాధ్యాయుడను కాను. డెన్మార్కు దేశమున 1924 మొదలు 1947 వఱకు దత్తతకు పోయిన 14,427 మంది వృత్తాంతములను న్యాయస్థానపు దాఖలాలతో పోల్చి మెడ్నిక్ అను పండితుడును ఆయన సహచరులును 1984లో ఫలితములు ప్రకటించిరి. దత్తపుత్రుని కన్నవారును పెంచినవారును శిక్షపడనివారైనచో, అట్టి కుమారులలో నూటికి 13.5 మంది శిక్షింపబడిరి. పెంచినవారు మాత్రమే శిక్షపడినవారైన 14.7 మంది. కన్నవారు మాత్రమే శిక్షపడినవారైన 20 మంది. ఇరువురును శిక్షపడినవారైన 24.5 మంది. కన్నవారిని ఎన్నడు నెఱుగని బిడ్డలలో సైతము ఈ భేదము కనబడినది గనుక పుట్టుకకు కొంత పాలున్నదని యొప్పుకొనక తప్పదు. అదియును దొంగతనము వంటి సొత్తు నేరములయందే గాని, కొట్టుట చంపుట వంటి దౌర్జన్యములయందు ఆ సంబంధము స్థిరపడలేదు.

అయితే ఇదే లెక్కను రెండవవైపునుండి చదువుడు. శిక్షపడినవారికి పుట్టి, మంచి యింట పెరిగిన నూర్గురు కుమారులలో ఎనుబదిమంది ఏ శిక్షకును గుఱికాలేదు. మన ఏడవ గడి ఆ ఎనుబదిమందిని త్రోసివేయును. ఇక ఏ మచ్చయు లేని వంశమున పుట్టి పెరిగియు శిక్షపడిన పదుమువ్వురిని అది చక్కగ లోపలికి రానిచ్చును! జల్లెడయని మనము పెట్టినది ఇట్టిది.

మఱియొక పరిశీలనము న్యూజీలాండులోని డునెడిన్ పట్టణమున జరిగినది. 1972–73లో అచ్చట పుట్టిన పిల్లలను పండితులు ఏండ్ల తరబడి వెంబడించిరి. మెదడులోని కొన్ని రసాయనములను విఱుచు పదార్థ మొకటి కొందఱికి పుట్టుకతోనే మందముగ పనిచేయును. అట్టి మగపిల్లలు పసితనమున దెబ్బలకు, క్రూరతకు గుఱియైనప్పుడు పెద్దయై దౌర్జన్యమునకు దిగుట హెచ్చుగ నున్నదనియు, లాలనతో పెరిగినవారియందు ఆ మందత్వము కీడు చేయలేదనియు 2002లో ప్రకటించిరి. తరువాతి పరిశీలనలన్నియు ఒక్క తీరున ఫలింపలేదు కాని, చెప్పిన సంగతి ఆలోచింపదగినది. విత్తును బట్టి మొక్క యన్న మాన్యులు స్వయముగ వ్యవసాయదారులు. ఒకే విత్తనము నల్లరేగడిలో ఎట్లుండునో చవుడు నేలలో ఎట్లుండునో నాకన్న వారికి బాగుగ దెలియును.

ఇక మనస్సు సంగతి. లండనులో జాన్ బౌల్బీ యను మానసిక వైద్యుడు దొంగతనము మరగిన 44 మంది పిల్లల చరిత్రలను 1944లో ప్రకటించెను. వారితో పోల్చుటకు దొంగతనము లేని వేఱొక 44 మందిని తీసికొనెను. పసితనమున దీర్ఘకాలము తల్లికి దూరమైనవారు దొంగలలో 17 మంది, తక్కినవారిలో ఇద్దఱు. ఎవరియందును మమకారము పుట్టని బాలురు దొంగలలో 14 మంది యుండగా వారిలో పన్నిద్దఱు అట్లు తల్లికి ఎడబాసినవారే. ఆయన లెక్క చిన్నది. ఎడబాటే కారణమా, దానితో వచ్చిన పేదఱికము మొదలైనవి కారణమా యని తరువాతివారు ఆక్షేపించిరి. తండ్రి జైలునకు బోవగా తల్లి కూలికి బోవు ఇంటిలోని బిడ్డను తలచుకొన్నచో మాత్రము, బౌల్బీ వ్రాసినది నాకు పరదేశపు మాటగ తోచలేదు. ఆ బిడ్డకు ఒక యాసరా కావలసిన సమయముననే మనము తలుపు మూయబోవుచున్నాము.

అమెరికాలోని చికాగో నగరమున షా, మెక్కే అను ఇద్దఱు పండితులు చేసిన పని నా కన్నిటికంటె నచ్చినది. వారు బాలనేరస్థుల ఇండ్లను నగర పటముమీద చుక్కలుగ గుర్తించిరి. చుక్కలన్నియు నగరమధ్యమున, కర్మాగారముల చెంత, శిథిలమైన పేటలలో గుమిగూడినవి. ఆ పేటలలో మొదట జర్మనులు, ఐరిషువారు ఉండిరి. వారు బాగుపడి లేచిపోగా పోలండువారు, ఇటలీవారు వచ్చిరి. పిదప నల్లజాతివారు వచ్చిరి. జనులు మాఱిరి. నేరముల పాళము మాఱలేదు. లేచిపోయినవారి పిల్లలలోనో, క్రొత్తచోట నేరము తగ్గినది. 1942లో వెలువడిన వారి గ్రంథమున ఉన్న సారమిది. నెత్తురే కారణమైనచో అది వారితోపాటు బండి యెక్కి పోవలసినది కదా! పేటలోనే యేల నిలిచినది?

పేట, పేదఱికము, స్నేహితులు వీనికితోడు ఇంకొకటి యున్నది. దానిని ‘ముద్ర’ యందురు. హోవర్డ్ బెకర్ అను సంఘశాస్త్రజ్ఞుడు 1963లో దానిని విపులముగ వివరించెను. ఒకనిని దొంగయని లోకము పిలిచిన పిమ్మట వానికి దొంగతనము తప్ప తక్కిన దారులు ఒకటొకటిగ మూతపడును. ఈ సంగతిని నేను పుస్తకమున చదువుటకు చాల ముందే నా చేతులతో చేసియున్నాను. ఈ సభలో చెప్పుకొనుటకు సిగ్గుగ నున్నది. అయినను చెప్పెదను.

దాదాపు ముప్పదియేండ్ల క్రిందటి మాట. నేనొక పల్లెటూరి ఉన్నతపాఠశాలలో తొమ్మిదవ తరగతికి ఉపాధ్యాయుడను. విహారయాత్రకై పిల్లలు తెచ్చిన రుసుము నూటయెనుబది రూపాయలు నా బల్ల సొరుగున కనబడలేదు. తరగతిలో నలుబదిముగ్గురు. నా చూపు ఒక్కనిపై నిలిచెను. ఏలనన, వాని తండ్రి అప్పుడు జైలులో నుండెను. వానిని లేవదీసి, అందఱి యెదుట సంచి విప్పించి, జేబులు తిరుగవేయించితిని. ఏమియు దొరకలేదు. దొరకనందున నా యనుమానము తగ్గలేదు, ఎక్కడనో దాచినాడనుకొంటిని. రెండునాళ్లకు నా శబ్దమంజరి తెఱచితిని. రూపాయల నోట్లు హలంతముల నడుమ నేను పెట్టినచోటనే మడతపడి యున్నవి.

ఆ సాయంకాలమే వాని యింటికి బోయితిని. తల్లి గుమ్మములో కూర్చుండి చేట చెఱుగుచుండెను. నేను చెప్పినదంతయు వినెను. “ఎవరింట్లో ఏది పోయినా ముందు మా గడపే తొక్కుతారు మేష్టారూ. మీరైతే దొరికిందని చెప్పటానికి కూడా వచ్చారు” అనెను. పిల్లవాడు లోపలినుండి రాలేదు. మఱల బడికిని రాలేదు. వాడు నామశబ్దముల రూపములు తరగతి కంతటికి ముందు అప్పగించువాడు. తరువాత వాడేమయ్యెనో నాకు దెలియదు.

ఆనాడు నా కెవ్వరును ఏడవ గడి యున్న కాగితము నీయలేదు. అది నా మనస్సుననే యుండినది. ఇప్పుడు దానిని అచ్చు వేయించి ఊరూర పంచుచున్నాము.

మన ప్రాచీనులు ఈ విషయమున ఏమనిరని మీరడుగుదురు. నేనును ఆ మాట చెప్పక దిగిపోలేను. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుని యింటికి కన్నము వేసిన శర్విలకుడు బ్రాహ్మణుడు. యజ్ఞోపవీతముతో గోడను కొలిచి కన్నము త్రవ్వును. వలచిన దాసిని విడిపించుకొనుటకు వానికి ధనము కావలసివచ్చినది. దండి దశకుమారచరితమున అపహారవర్మ దొంగతనపు విద్యలో ఆరితేఱినవాడు. దానిని కేతన తెనిగించి అభినవదండి యనిపించుకొనెను. నేరమునకు కులము నిర్ణయింపవలెనని ఈ కవులకు తోచలేదు. మనుస్మృతియందు శూద్రులయెడ కఠినమైన విధు లనేకము లున్నవి. వానిని నేను సమర్థింపను. అయినను దొంగతనపు ప్రకరణమున విపరీతముగ, శూద్రునికి ఎనిమిది మడుగుల దోషమైనచో వైశ్యునికి పదునాఱు, క్షత్రియునికి ముప్పదిరెండు, బ్రాహ్మణునికి అఱువదినాలుగో నూరో నూటయిరువదియెనిమిదో మడుగులని చెప్పబడినది. తెలిసి చేసినవాని తప్పు పెద్దదని భావము. నేరమును చేసినవాని తెలివితో ముడిపెట్టిరి.

ఈ లెక్కను తెలిసినవారమని చెప్పుకొను మనకు అన్వయించుకొన్నచో నొక చిక్కున్నది. అమెరికా దేశస్థుడగు సదర్లాండు 1939లో ‘వైట్‌కాలర్ నేరము’ అను మాట పుట్టించి, నేరము పేదవాని సొత్తుగ దలచిన శాస్త్రములన్నియు సగము లోకమునే చూచినవని ఆక్షేపించెను. కంపెనీ పద్దులు దిద్దువాడు, కలప దొంగచాటున కోయించువాడు, పరోపకార నిధిని మ్రింగువాడు—వీరి పుఱ్ఱెలను ఎవ్వరును కొలువలేదు, వీరి కొడుకులను ఏ గడియు ఆపదు. శిక్షపడినవాని కొడుకు మాత్రమే గడిలో చిక్కును. శిక్ష తప్పించుకొనుటకు మంచి వకీలును పెట్టుకొనగలిగినవాని కొడుకు ‘లేదు’ అని ధైర్యముగ వ్రాయును. అందును అసత్యము లేదు.

నేరము చేసినవాడు బాధ్యుడు కాడని నేననుట లేదు. పేదవారిలో నూటికి తొంబదిమందికి పైగా దొంగిలింపక బ్రతుకుచుండగా, పేదఱికమే దొంగిలించెనని చెప్పుట ఆ తొంబదిమందికి అవమానము. చేసినవాడు శిక్ష అనుభవింపవలెను. వాని శిక్ష వానితో తీరవలెను. ఈ సూక్ష్మమును మన సర్వోన్నత న్యాయస్థానము 2024 అక్టోబరు 3వ తేదీ తీర్పున మఱియొక సందర్భమున గుర్తించినది. చెఱసాలల పట్టికలలో ఖైదీ కులమును వ్రాయు గడిని తీసివేయవలెనని, కులమును బట్టి పనులు పంచరాదని ఆ తీర్పు. విముక్త జాతులను పుట్టుకను బట్టి నేరస్థులుగ జూచు పాతబుద్ధి ఇంకను వ్రాతలలో మిగిలియున్నదని న్యాయమూర్తులు అందు విమర్శించిరి. జైలు పట్టికనుండి ఒక గడి పోవుచున్న కాలమున మన విద్యార్థి వేతనపు పత్రములో ఒక గడి చేరినది.

మాన్యులు నాపై కోపింపరని నమ్మకము. నిన్న రాత్రి వారి విడిదికి పోయి ఈ వ్రాతప్రతిని చదివి వినిపించితిని. వారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, డెన్మార్కు లెక్కను మఱల చదువుమని యడిగి, ఎనుబది యన్న అంకెవద్ద ఆపించిరి. “సరే గాని, పిల్లవాడే స్వయముగ తప్పు చేసియున్నచో?” అని యడిగిరి. అది న్యాయమైన ప్రశ్న. దానికి ప్రధానోపాధ్యాయుని నడవడి పత్రము ఇదివఱకే ఐదవ గడిలో నున్నది. అది చాలునని నా మనవి. ఇందు వారు పూర్తిగ సమ్మతించిరని చెప్పజాలను.

రేపటి ఉదయము తీర్మానముల సమావేశమున, ఏడవ గడిని తొలగింపవలెనని నేను సవరణ ప్రతిపాదింపనున్నాను. గత సంవత్సరము ఆ గడిలో అవునని వ్రాసి ప్రక్కన బెట్టబడిన దరఖాస్తులు నాలుగున్నవని కార్యదర్శిగారు తెలిపిరి. అందులో ఇద్దఱు బాలికలు. ఒకతె ఇంటర్మీడియట్ పరీక్షలో తన కళాశాలకు ప్రథమురాలు. పత్రములు కార్యాలయపు బీరువాలోనే యున్నవి. సవరణ నెగ్గినచో ఆ నాలుగింటిని ఈ యేటి దరఖాస్తులతో గలిపి తిరిగి పరిశీలింపవలెనని రెండవ వాక్యముగ చేర్చితిని. బలపఱచువారు చేతులెత్తుటకు రేపు తొమ్మిదిగంటలకే వేంచేయ వేడుచున్నాను.